వేలు అబద్ధమాడదు

బేరంలో ఓడినవాడు మర్నాడు మళ్ళీ రావచ్చు. బజారులో నవ్వులపాలైనవాడు మాత్రం అంత తొందరగా మొహం చూపించలేడు. వరహాలమ్మ ఆ రెండోదీ తట్టుకుని, అదే బజారులో, తనను గెంటేసిన కొట్టుకు ఎదురుగానే కొట్టు పెట్టుకుని కూర్చుంది. ధైర్యం ఒక్కటే మనిషిని అలా కూర్చోబెట్టదు. కడుపులో పగ కూడా ఉండాలి.

అనకాపల్లి బెల్లం బజారులో ఇప్పుడు కంప్యూటర్ ఉన్న కొట్టు ఆమెదొక్కటే. మిగతా కొట్లన్నిటిలో అంగుళి కంపెనీ వాళ్ళ పలకలే. పేరుకు ట్యాబే గాని, దాని గాజు వేలిని చదువుతుంది. రైతు పేరులో మొదటి అక్షరం గీస్తే చాలు, ఊరు, సరుకు రకం, బండి నంబరు అదే రాసి పెడుతుంది. జిగురు చేత్తో పట్టుకున్నా తుడిస్తే పోతుంది. అదే కంప్యూటర్ అయితే కీల సందుల్లోకి బెల్లం పొడి దూరి, దానికోసం చీమలు బారులు కట్టేవి. బెల్లం బజారులో కంప్యూటర్ పోయి పలక రావడానికి సగం కారణం ఆ చీమలే.

"ఏటి పిన్నీ, నీ కంప్యూటర్లో చీమలు ఈయేడు ఎన్ని కాపరాలు పెట్టినాయి?" అనేవాడు పక్క కొట్టు నూకరాజు.

"నీ పలకలో కాపరం పెట్టిన దొంగకంటే నా చీమలే నయంరా. అవి తింటే బెల్లమే తింటాయి."

నూకరాజు నవ్వేవాడు. ఆ మాట వేళాకోళం అనుకునేవాడు.

అసలు సంగతి ఇది. తండ్రి పెట్టిన కమీషన్ కొట్టును అన్న పోలినాయుడు, చెల్లెలు వరహాలమ్మ కలిసి నడిపేవారు. పలక వచ్చిన ఏడాదే వింత మొదలైంది. ఏ సరుకునైనా ఇంతకు తగ్గితే ఇవ్వకూడదని అన్నాచెల్లెళ్ళు మనసులో ఒక కడపటి ధర అనుకునేవారు. ఎక్కడా రాసేవారు కాదు. పైకి అనేవారు కాదు. అయినా కొనే వర్తకులు వేలంపాటలో సరిగ్గా ఆ అంకె దగ్గరకొచ్చి నోరు మూసుకునేవారు. సీజనంతా అదే వరస. నమ్మి సరుకు దింపిన రైతులు ఒక్కొక్కరే వేరే కొట్టు చూసుకున్నారు.

పోలినాయుడికి నిద్ర కరువైంది. ఒకనాడు పాట మధ్యలో, బజారంతా చూస్తుండగా, చెల్లెలి మణికట్టు పట్టుకుని గడప దాటించాడు.

"కొట్టు ధర కొట్టు దాటిపోతంది. కొట్లో ఉన్నది నేనూ, ఇదీ. నేను సెప్పనేదు. ఇంక మీరే తేల్చుకోండి," అన్నాడు అందరితో.

బజారు చాలా తొందరగా తేల్చేసుకుంది. అప్పటినుంచి వరహాలమ్మ పేరుకు ముందు దొంగ అన్న మాట చేరింది. చెల్లెలింట భోంచేయాల్సిన యమద్వితీయ నాడు కూడా పోలినాయుడు ఆమె చేతి వంటకు రావడం మానేశాడు. భర్త సింహాద్రి ఊరు మారదామన్నాడు. "పేరు ఇక్కడ పోనాది. ఇక్కడే ఎతకాల," అంది ఆమె. అన్న పారేసిన పాత కంప్యూటర్ తెచ్చుకుని ఎదురు కొట్టు తెరిచింది.

ఆ కొట్టులో ఆమె కడపటి ధర ఎప్పుడూ బయటికి పోలేదు. బజారు అదే, వర్తకులు వాళ్ళే, ధర అనుకునే బుర్ర కూడా అదే. తేడా అల్లా గాజే. ఆమె నూకరాజు పలక ఒక పూట అడిగి తీసుకుని తన సరుకు చీటీ దానిమీద రాసింది. ధర రాయలేదు. బరువు నింపడానికి వచ్చే అంకెల వరసలో ఒకచోట వేలు తనకు తెలియకుండానే ఒక్క క్షణం ఆగింది, అంతే. ఆ రోజు పాట సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగిపోయింది. మర్నాడు కావాలని ఇంకా పై అంకె మీద వేలిని తడబడనిచ్చింది. పాట అక్కడిదాకా పాక్కుంటూ వెళ్ళింది. పలక వేలి తడి, వణుకు, తటపటాయింపు అన్నీ పట్టుకుంటోంది. కంపెనీ వాటిని 'మార్కెట్ అంచనాలు' అని పేరు పెట్టి పెద్ద వర్తకులకు అమ్ముకుంటోంది. కీబోర్డుకు ఆ తెలివి లేదు. నొక్కిందే దానికి తెలుసు, నొక్కనిది తెలియదు.

ఆమె పరుగున వెళ్ళి అన్నకు చెప్పింది. పోలినాయుడు తలెత్తలేదు.

"దొరికిపోయిన దొంగ పిల్లిని సూపించినాదంట," అన్నాడు పక్కవాడితో.

ఆ మాటతో ఆమె పగ రెండుగా చీలింది. ఒకటి అంగుళి కంపెనీ మీద, ఇంకొకటి అన్న మీద. ముందు కంపెనీని దించితే, రెండోది తనంతట తానే కాళ్ళ దగ్గరకు వస్తుందని ఆమె లెక్క వేసుకుంది.

*

అవకాశం కంపెనీయే తెచ్చి ఇచ్చింది. రుషికొండ మీద వాళ్ళ ప్రయోగశాల ఉంది. దానికి పెద్ద అయిన డాక్టర్ శశాంక్‌కు తుండు బేరం గురించి ఎవరో చెప్పారు. వేలంపాటలు రాకముందు బెల్లం బజారులో అమ్మేవాడూ కొనేవాడూ తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర మాట్లాడుకునేవారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఒక్క ముక్క తెలిసేది కాదు. ఆ విద్య వచ్చినవాళ్ళు ఇప్పుడు ఇద్దరే మిగిలారు, పోలినాయుడు, వరహాలమ్మ. పోలినాయుడు రానన్నాడు. ఆమె వస్తానంది.

"లక్షమంది మామూలు వేళ్ళు చదివాం వరహాలమ్మగారూ," అన్నాడు శశాంక్ ఆమెకు కుర్చీ వేయిస్తూ. "కానీ బేరగాళ్ళ వేలు వేరు. మనసులో ఉన్నదంతా అందులోకి దిగుతుంది. మీ చెయ్యి నేర్పితే మా కొత్త పలకకు ఇక తిరుగుండదు."

గోడ మీద పెద్ద అక్షరాలతో 'నోరు అబద్ధమాడుతుంది, వేలు ఆడదు' అని రాసి ఉంది. ఆమె ఆ మాటను రెండుసార్లు చదువుకుంది. ఇంత చదువుకున్నవాళ్ళు ఇంత మాట గోడకెక్కించారంటే, వీళ్ళలో ఒక్కడూ జీవితంలో తుండు కింద చెయ్యి పెట్టలేదన్నమాట.

"నిజమే బాబూ. ఏలు పాపం ఎర్రిది," అంది.

తండ్రి ఆమెకూ అన్నకూ నేర్పిన మొదటి పాఠం వేలిచేత అబద్ధమాడించడమే. 'మొహం దాచడం ఎవడికైనా వస్తాది. చెయ్యిని దాచడం నేర్చుకోండి. లాభం ఇనపడితే పాడె తలుచుకో, ఏలు బిగుస్తాది. నష్టం ఇనపడితే పెళ్ళి భోజనం తలుచుకో, ఏలు మెత్తబడతాది' అని చెప్పేవాడు. అన్నకు ఆ విద్య ఎదుట మనిషి ఉంటేనే పనిచేసేది. ఒంటరిగా పలక ముందు కూర్చున్నప్పుడు అతను వేలికి కాపలా పెట్టలేదు, అందుకే దొరికిపోయాడు. వరహాలమ్మ కూడా మొదట అలాగే దొరికింది గాని, దొంగను కనిపెట్టాక ఆ విద్య ఆమె ఒంట్లోనే ఇంకిపోయింది.

ప్రయోగం పద్ధతి సులువు. గాజు మీద ఆమె చెయ్యి, దాని మీద తుండు. ఎదురుగా ఒకడు ధరలు చెబుతూ పోతాడు. ప్రతి ధరకూ తన మనసులో ఏముందో ఆమె పైకి నిజం చెప్పాలి. వేలు ఎలా కదిలిందో గాజు పట్టుకుంటుంది. రెంటినీ జతచేసి పలక నేర్చుకుంటుంది.

ఆమె నోటితో నిజమే చెప్పింది. ఇష్టమైన ధర వినపడ్డప్పుడు 'ఇష్టమే' అంది, వేలు మాత్రం బిగిసి చెమట పట్టింది. మండిపోయే ధర వినపడ్డప్పుడు 'కడుపు మండింది' అంది, వేలు మెత్తగా, వెచ్చగా గాజు మీద వాలింది. వారాల తరబడి అదే పాఠం. బిగిసిన వేలు సుఖమనీ, మెత్తని వేలు బాధనీ పలక నమ్మేసింది.

"అద్భుతం!" అన్నాడు శశాంక్ తెర చూసి. "పాత పలక మనుషుల్ని తలకిందులుగా చదివిందని ఇప్పుడు తెలుస్తోంది."

"పెద్దోళ్ళు మీరు. మీకు తెలవందేటుంది?" అంది వరహాలమ్మ.

ఇంటి దగ్గర మాత్రం లెక్క తేడా కొట్టింది. సింహాద్రికి జ్వరమొస్తే ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏటే, రాయి పెట్టినట్టు పెడతావు? కోపమేటి నా మీద?" అన్నాడతను.

"కోపమేటి? నేదే."

ఆమె చెయ్యి తీసి చూసుకుంది. ఇష్టం ఉన్నచోటే వేళ్ళు కొయ్యముక్కల్లా బిగిసిపోతున్నాయి. ఆ రాత్రి వంటింట్లో ఒక్కతే కూర్చుని చేతులు పిసుక్కుంది. పగకు పెట్టుబడి ఇదే కాబోలు అనుకుని ఊరుకుంది.

కొత్త పలక పాఠం దేశమంతా ఉన్న పలకల్లోకి దిగింది. బజారులో వర్తకుల అంచనాలన్నీ తలకిందులయ్యాయి. ఆగాల్సినచోట ఎగబాకారు, ఎగబాకాల్సినచోట ఆగి సరుకు పోగొట్టుకున్నారు. వరహాలమ్మ ఎదురు కొట్టులో కాళ్ళు చాపుకుని వేడుక చూసింది. అంగుళి కంపెనీ మాత్రం ఇంకా ఏమీ గ్రహించలేదు. కంపెనీని కొనడానికి బొంబాయి నుంచి పెద్దమనుషులు వస్తున్నారు. వాళ్ళ ముందు, బెల్లం బజారులోనే, వరహాలమ్మ మనసులోని ధరను పలక చేత చదివించి చూపిస్తానని శశాంక్ ప్రకటించాడు. ఆమెకు కావలసింది సరిగ్గా అదే. నలుగురిలో పోయిన పేరు నలుగురిలోనే రావాలి.

*

ఆ ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం వదిన గౌరమ్మ వచ్చింది. మూడేళ్ళలో ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు.

"మీ అన్నకి పచ్చవాతం వచ్చి పదిరోజులైంది వరాలూ. మాట పోనాది, కుడిపక్క పడిపోనాది. విశాపట్నంలో పెద్దాసుపత్రిలో ఉన్నాడు."

"ఎవులూ సెప్పనేదేటి నాకు?"

"ఏ మొకం పెట్టుకుని సెప్పేది?" గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆసుపత్రోళ్ళు ఆడి ఏలుకి పలక కట్టినారు. నొప్పెంతో అదే సెప్తాదంట. సుఖంగా ఉన్నాడని సెప్తాది. మందు తగ్గించీసినారు. కానీ నాను సూస్తన్నాను గదా వరాలూ, ఆడు సుఖంగా నేడు. దవడలు పగిలిపోయేటట్టు బిగిస్తన్నాడు."

అంగుళి పలక ఆసుపత్రులకూ వెళ్ళిందన్న ఊహే వరహాలమ్మకు రాలేదు. బెల్లం బజారు తప్ప లోకం లేదన్నట్టు లెక్క వేసుకుంది.

ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. పోలినాయుడి ఎడమ చూపుడువేలు గాజు మీద కొంకిలా బిగిసి ఉంది. గాజంతా చెమట. తెర మీద పచ్చని అక్షరాలు 'సుఖంగా ఉన్నారు' అంటున్నాయి. ఆ వరుసలో పడక పడకకూ అవే అక్షరాలు. పక్క మంచం మీద ముసలాయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన పలక 'చాలా సుఖంగా ఉన్నారు' అంటోంది.

"అమ్మా, ఈ పలక తప్పు సెప్తంది. దీనికి నేర్పింది నేనే," అంది వరహాలమ్మ నర్సుతో.

నర్సు సునంద ఆమెను పైకీ కిందికీ చూసింది. "మీరు నేర్పారా? పోనీ, కంపెనీవాళ్ళచేత ఒక్క ముక్క చెప్పించండి, ఇప్పుడే తీసేస్తాం. తెర సుఖమంటుంటే నేను ఇంజెక్షన్ ఇస్తే నా ఉద్యోగం పోతుందమ్మా."

వరహాలమ్మ వరండాలోకి వచ్చి శశాంక్‌కు ఫోన్ చేసింది. తాను నేర్పిన అబద్ధమంతా చెప్పేసింది.

"రేపు ఎక్కడా నోరు విప్పకండి," అన్నాడతను. "కొనేవాళ్ళు సంతకం పెట్టాక, నెల తిరక్కుండా మెల్లగా సరిచేస్తాం."

"నెలా? ఈ లోపల ఈ మంచాల మీదోళ్ళు?"

"రేపు మాట్లాడుకుందాం," అని పెట్టేశాడు.

*

బజారు మధ్య పందిరి వేశారు. కొట్లవాళ్ళు, మూటలు మోసే కళాసీలు, బండ్లవాళ్ళు, ముందు వరుసలో బొంబాయి వాళ్ళు. వేదిక మీద వరహాలమ్మ చెయ్యి గాజు మీద పెట్టి కూర్చుంది. శశాంక్ ఆమె పక్కకు వంగి, మైకుకు అందకుండా, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మీ పేరు ఎలా పోయిందో కనుక్కున్నాను. ధర బయటపెట్టింది మీరు కాదని ఈ వేదిక మీదే నేను చెబుతాను, మీ బజారంతా వింటుంది. నాకు కావలసింది ఒక్కటే, ఆసుపత్రి సంగతి మీరు మరిచిపోవాలి. సరేనా?"

మూడేళ్ళుగా ఆమె కలగన్న మాట అది. ఎదురుగా నూకరాజు ఉన్నాడు, ఆమెను దొంగ అన్న ప్రతి నోరూ ఉంది. ఆమె తటపటాయించింది, కాదంటే అబద్ధం. ఆ తరువాత పక్క మంచం ముసలాయన కళ్ళు గుర్తొచ్చాయి. పెట్టుబడి తనదైతే సరే. తనది కాని ఒంటి నొప్పితో బేరమాడడమేమిటి? ఒళ్ళు మండిపోయింది. వేలు కర్రలా బిగిసింది, గాజు తడిసిపోయింది. అన్నాళ్ళలో మొదటిసారి ఆమె వేలు ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

పలక వెలిగింది. 'పూర్తి అంగీకారం. ప్రసన్నం.'

శశాంక్ ఆమె మొహం చూడలేదు. నిన్న ఫోన్లో అంతా విన్నా, పలకనే నమ్మే అలవాటు అతన్ని వదల్లేదు. పలక చూసుకుని చిరునవ్వు నవ్వి మైకు అందుకున్నాడు. "వరహాలమ్మగారిని ఒకప్పుడు ఈ బజారు అనుమానించింది. ధర బయటపెట్టింది ఆవిడ కాదు. మా తొలి పలకలో జరిగిన చిన్న పొరపాటు అది. ఇప్పుడు సరిచేశాం. ఆవిడే చెబుతారు వినండి." మైకు ఆమె చేతికిచ్చాడు.

"ఇన్నారు గదా?" అంది ఆమె. "మీ మనసులో ధర అమ్ముకున్నది ఈ పలకంట. ఆయన నోటితోనే సెప్పినాడు. ఇప్పుడు నా సంగతి ఇనండి. నాను దీనికి తలకిందులు నేర్పినాను. ఏలు బిగిస్తే సుఖమని నేర్పినాను. నమ్మీసింది. ఇలాగే ఆసుపత్రుల్లోకి ఎల్లింది. అక్కడ నొప్పితో సచ్చిపోతన్నోళ్ళని సుఖంగా ఉన్నారంటంది. నిన్ననే ఈ బాబుకి సెప్పినాను. సంతకాలయ్యేదాకా నెల్లాళ్ళు ఊరుకోమన్నాడు. ఇప్పుడు నాకు ఆయన పీక నొక్కాలనుంది. ఇదేటంటందో సూడండి." పలకను ఎత్తి జనానికి చూపించింది.

'ప్రసన్నం' అన్న అక్షరాలు అందరికీ కనబడ్డాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పందిరంతా పాకింది. బొంబాయివాళ్ళు లేచి, శశాంక్ పిలుస్తున్నా వినకుండా కార్ల వైపు నడిచారు. కొట్లవాళ్ళు తమ పలకలు తెచ్చి వేదిక మీద కుప్ప పోశారు. నూకరాజు పాకం డబ్బా ఎత్తి ఆ కుప్ప మీద వంచాడు.

"బాబూ డాక్టరుగారూ, తుడిస్తే పోతాదన్నారు గదా, తుడుసుకోండి!"

శశాంక్ చొక్కా మీద పాకం చిందింది. నలుగురిలో నవ్వులపాలైనవాడి నడక ఎలా ఉంటుందో వరహాలమ్మకు బాగా తెలుసు. అతను కారు దాకా ఆ నడకే నడిచాడు. ఆమె కళ్ళారా చూసింది.

ఆ మధ్యాహ్నానికే విశాఖపట్నంలో ఆసుపత్రి పలకలన్నీ తీసేశారు. వరహాలమ్మ మీద కేసు పెడతామని కంపెనీ నోటీసు పంపింది. పెట్టుకోమంది ఆమె.

*

ఆమె కొట్టులోని పాత కంప్యూటర్ను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కీబోర్డును బోర్లించి చీమలు దులిపి, అన్న ఎడమ చెయ్యి దగ్గర పెట్టింది. కీల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు ఇంకా ఉన్నాయి. పోలినాయుడు వెతుక్కుంటూ, ఒక్కొక్క కీ నొక్కి 'తల' అని కొట్టాడు. తరువాత 'మంట' అని కొట్టాడు. సునంద పరుగున వచ్చి ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికి అతని దవడలు వదులయ్యాయి.

మందు పట్టిందని తెలిశాక ఆమె స్టూలు దగ్గరకు లాక్కుంది. బజారులో జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"నీ దొంగ దొరికినాడన్నా. అందరూ ఇన్నారు. నాను సెప్పనేదని ఇప్పటికైనా తెలిసినాదా?"

అన్న చేత రెండక్షరాలు కొట్టించుకోవాలని ఆమె ఆశ. 'తప్పు' అంటే చాలు. మూడేళ్ళ లెక్క ఆ ఒక్క మాటతో తీరిపోతుంది.

వేలు కదిలింది. చాలా సేపు పట్టింది.

'తెలుసు.'

"ఇప్పుడా?"

'నువ్వు వచ్చి చెప్పిన మర్నాడే. పలక పరీక్ష చేశాను. నిజమే.'

"మరి?"

'నేనూ నీలాగే తప్పుడు అంకె మీద వేలు ఆపాను. కొట్టు నిలబడింది.'

రైతులు వదిలేసిన అన్న కొట్టు ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎలా లేచిందో ఇప్పుడు తెలిసింది. చెల్లెలు చెప్పిన కిటుకుతో బతికి, ఆ చెల్లెల్నే దొంగగా ఉంచాడు.

"బజారుకి ఒక్క ముక్క సెప్తే నీ సొమ్మేటి పోను?"

పోలినాయుడి వేలు కీల మీద తడుముకుంది. 'అందరి ముందూ అన్నాను. పెద్దవాణ్ణి. ఎలా వెనక్కి తీసుకోను.'

అంతే. ఆ తరువాత వేలు ఆగిపోయింది. అతను కీబోర్డు వదిలి, ఆ ఎడమ చెయ్యినే మంచం పట్టీ మీదుగా ఆమె వైపు చాపాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

వరహాలమ్మ ఆ చెయ్యిని చూసింది. మణికట్టు పట్టుకుని గడప దాటించిన చెయ్యి వాలిపోయి దుప్పటి కింద ఉంది. ఇది ఇంకొకటి. లోపల ఆమెకు కొలిమి రగిలినట్టుంది. మూడేళ్ళపాటు కాచిన పగంతా వచ్చి ఈ మంచం దగ్గర నిలబడింది. క్షమించాలనుకుని వెతుక్కుంది. లోపల ఎక్కడా అది లేదు.

తలుపు దగ్గర గౌరమ్మ చూస్తోంది. సునంద చూస్తోంది.

ఆమె పెళ్ళి భోజనం తలుచుకుంది. విస్తట్లో వేడివేడి పూర్ణాలు, వాటి మీద నెయ్యి. వేళ్ళు మెత్తబడ్డాయి, వెచ్చబడ్డాయి. అన్న చేతిని తీసుకుని, తల్లి బిడ్డ చేతిని పట్టుకున్నట్టు, నిదానంగా నొక్కింది.

పోలినాయుడు పెద్దగా ఊపిరి వదిలి, తేలికపడిన మొహంతో కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరూ ఒకే తండ్రి దగ్గర, ఒకే తుండు కింద నేర్చుకున్న విద్య అది. అయినా అతను నమ్మాడు.